సజ్జ మీద 37 కిలోల పాలపొడి

విజయవాడ అజిత్‌సింగ్ నగర్ నుంచి ఒకావిడ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 31. భర్త వన్‌టౌన్‌లో ఒక బట్టల హోల్‌సేల్ షాపులో లెక్కలు చూస్తారు. అత్తగారు వాళ్ళతోనే ఉంటారు, ఆవిడకి షుగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు కాలనీని ముంచినప్పుడు వీళ్ళు కింది వాటాలో అద్దెకుండేవారు. బాబుకి అప్పుడు పదమూడు నెలలు. నీళ్ళు కిటికీల దాకా వచ్చేసరికి మేడ మీద ఇంటివాళ్ళ గదిలోకి చేరి నాలుగు రోజులు గడిపారు. కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ అయిపోయింది, రెండో రోజుకి పాలు అయిపోయాయి. ఆ రాత్రి బాబు ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. మర్నాడు ఆయన గుండెలోతు నీళ్ళలో మెయిన్ రోడ్డు దాకా వెళ్ళి, పడవలో వచ్చినవాళ్ళ దగ్గర రెండు పాల ప్యాకెట్లు తీసుకుని, తల మీద పెట్టుకుని వచ్చారు. ఇల్లు చేరేసరికి ఒకటి ఎక్కడో గీసుకుపోయి ఖాళీ అయిపోయింది. "ఆ ఖాళీ కవరు చేతిలో పట్టుకుని ఆయన మెట్ల మీదే కూర్చుని ఏడ్చారు. ఆ తర్వాత ఆ మాట మా ఇంట్లో ఎవరం ఎత్తలేదు" అని రాశారు.

నీళ్ళు తీశాక అదే కాలనీలో రెండో అంతస్తుకి మారారు. పైన డాబాయే. వరద సాయంగా వచ్చిన 25,000 రూపాయల్లో సామాన్లకు పోగా మిగిలినదానితో ఆయన పాలపొడి కొనడం మొదలుపెట్టారు. టీలోకి వాడే రకం కిలో ప్యాకెట్లు ఒక్కొక్కటిగా పదకొండు చేరాయి. ఈ ఫిబ్రవరిలో చీటీ పాడిన డబ్బులోంచి ఎనిమిది వేలు తీసి, వెన్న తీసిన పాలపొడి 25 కిలోల బస్తా తెచ్చారు. దాని కుట్టు ఇంకా విప్పలేదు. ఆవిడకి ఇప్పుడు అయిదో నెల. ఆ సంగతి తెలిసిన వారానికే చంటిపిల్లల పాలడబ్బాలు రెండు వచ్చాయి. అన్నీ వంటింటి సజ్జ మీదే ఉన్నాయి. ఉగాదికి పాయసంలో వేద్దామని ఒక ప్యాకెట్ కత్తిరిస్తే పొడి గడ్డలు కట్టి, పసుపు తిరిగి, పాత నూనె వాసన వచ్చింది. అత్తగారు పారేయమన్నారు. ఆయన పారేయనివ్వలేదు. వారం రోజులు ఇద్దరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడేమో విదేశాలవాళ్ళ వీడియోలు చూసి, రేకు పూత సంచులూ ఆక్సిజన్ పీల్చే పొట్లాలూ తెప్పిస్తానంటున్నారు. అలా కట్టిపెడితే పాతికేళ్ళు ఉంటుందట.

డాక్టరు సెప్టెంబరు మొదటి వారం డేట్ ఇచ్చారని, రెండో కాన్పు కాబట్టి ఇక్కడే చేద్దామని అత్తగారు అంటుంటే నూజివీడు వచ్చేయమని పుట్టింటివాళ్ళు పిలుస్తున్నారని కూడా రాశారు. చివర్లో మూడు ప్రశ్నలు వేశారు. పాతికేళ్ళు నిజమేనా? ఆయన షాపుకెళ్ళినప్పుడు మొత్తం తీసి పారేయనా? ఆయనకి ఇదేమైనా జబ్బా?

అమ్మా,

మొదటి ప్రశ్నకి సూటిగా జవాబు ఉంది కాబట్టి ముందు అది చెబుతాను. మీ వారు విన్నది పూర్తిగా అబద్ధం కాదు. అమెరికాలో యూటా రాష్ట్రంలో మోర్మన్లనే క్రైస్తవ శాఖవారు ఎక్కువ. కరువొచ్చినా ఉద్యోగం పోయినా ఇంట్లో తిండి ఉండాలని, కొన్నాళ్ళకి సరిపడా నిలవ పెట్టుకోమని వాళ్ళ చర్చే చెబుతుంది. గోధుమలు, బియ్యం, చిక్కుడు గింజలతోపాటు పాలపొడిని కూడా ఎక్కువకాలం ఉండేలా కట్టి అమ్ముతుంది. వాళ్ళ పట్టికలో పాలపొడికి 20 ఏళ్ళు అని ఉంటుంది. అక్కడ మొదలైన మాటే వీడియోల్లో తిరిగి తిరిగి పాతికేళ్ళై మీ ఇంటికొచ్చింది. దారిలో జారిపోయినవి షరతులు. ఆ పొడి వెన్న పూర్తిగా తీసినది. గాలి చొరని డబ్బాలో, లోపల ఆక్సిజన్ లేకుండా చేసి మూసినది. వీలైనంతవరకూ 24 డిగ్రీలు మించని చోట పెట్టమని వాళ్ళే రాస్తారు. అక్కడ చాలా ఇళ్ళకి నేల కింద గది ఉంటుంది, ఎండాకాలంలోనూ చల్లగానే ఉంటుంది.

మీ సజ్జ ఎక్కడుంది? డాబా స్లాబుకి జానెడు కింద, గ్యాస్ పొయ్యికి పైన. విజయవాడలో మే నెలలో బయటే 44 డిగ్రీలు ఉంటే అక్కడ ఎంతుంటుందో చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోతుంది. పది డిగ్రీలు వేడి పెరిగితే ఇలాంటి పదార్థాలు పాడయ్యే వేగం దాదాపు రెట్టింపు అవుతుందని ఆహార శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. దాని ప్రకారం చూసుకున్నా 24 దగ్గర నాలుగేళ్ళు ఉండేది 44 దగ్గర ఏడాదికి దిగిపోతుంది. నీళ్ళకి భయపడి మీరు పై అంతస్తుకి ఎక్కారు, పాలపొడి వేడిలో చిక్కుకుంది.

మీరు ఉగాదికి చూసిన గడ్డలు, రంగు, వాసన ఒకే జబ్బు లక్షణాలు కావు. మూడింటికీ మూడు కారణాలు. పాలలో ఉండే చక్కెర, లాక్టోజ్, గాలిలో తడిని పీల్చుకుని జిగురెక్కుతుంది, అందుకే గడ్డలు. ఆ చక్కెరా పాలలోని ప్రొటీనూ వేడికి కలిసిపోయి రంగు మారతాయి, ఆ మేరకు ప్రొటీనులో కొంత భాగం ఒంటికి పట్టకుండా పోతుంది. ఇక పాత నూనె వాసన కొవ్వుది. గాలి తగిలి కొవ్వు చెడితే అంతే. వెన్న తీయని పాలపొడిలో నూటికి 26 వంతులకు తక్కువ కాకుండా కొవ్వు ఉంటుంది. వెన్న తీసినదాంట్లో ఒకటిన్నర వంతు మించకూడదు. ఇరవై ఏళ్ళ మాట రెండో రకానికే ఎందుకు చెబుతారో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. మీ ప్యాకెట్లు ఆ రకం కావు. టీలోకి వాడే రకంలో కొవ్వుతోపాటు పంచదార కూడా కలిపి ఉంటుంది. వెనక ఉన్న లేబుల్ మీద చిన్నక్షరాల్లో రాసి ఉంటుంది చూడండి. అత్తయ్యగారు చక్కెర లేకుండా టీ తాగుతున్నానుకుంటూ ఈ పొడే రెండు చెంచాలు వేసుకుంటున్నారేమో, అదీ గమనించండి.

మన ఇళ్ళలో టీలోకి వాడేదాన్నీ, వెన్న తీసినదాన్నీ, చంటిపిల్లల డబ్బాలోదాన్నీ అన్నిటినీ పాలపొడి అనే అంటాం. కొట్టువాడూ అలాగే ఇస్తాడు. సగం చిక్కు అక్కడే వస్తుంది. మీ సజ్జ మీదున్నది ఒకే నిలవ కాదు, మూడు వేరువేరు సరుకులు. ఒక్కోదానికి ఒక్కో తీర్పు కావాలి.

దానికంటే ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. మీ ఇంట్లో బాబుకి రోజుకి అర లీటరు, టీలకీ మిగతావాటికీ ఇంకో అర లీటరు అనుకుందాం. వరదొచ్చి వారం రోజులు బయటికి కదల్లేకపోతే ఏడు లీటర్లు. కొవ్వున్న పొడి లీటరుకి 125 నుంచి 130 గ్రాములు, వెన్న తీసినది 100 గ్రాములు పడుతుంది. అంటే వారానికి ఒక్క కిలో చాలు. మీ దగ్గరున్నది మూడొందల లీటర్ల పైచిలుకు పాలకి సరిపోయేంత. రోజుకి లీటరు చొప్పున దాదాపు ఏడాది. ఏ వరదా ఏడాది ఉండదని ఆయనకీ తెలుసు.

ఇంకోటి. ఆ పొడి పాలవ్వాలంటే నీళ్ళు కావాలి. ఆ నాలుగు రోజులూ మీరు తాగే నీళ్ళకి ఎంత ఇబ్బంది పడ్డారో ఉత్తరంలో ఒక్క ముక్క రాయలేదు, కానీ పడే ఉంటారు. మోటారు ఆడదు, కుళాయి నీళ్ళు నమ్మలేం. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకి నాలుగు లీటర్లు వేసుకున్నా మీ నలుగురికి నాలుగు రోజులకి 64 లీటర్లు. ఇరవై లీటర్ల క్యాన్లు మూడూ, పైన కొంచెం. ఇప్పుడు మీ ఇంట్లో నిండు క్యాన్లు ఎన్ని ఉన్నాయి? గ్యాస్ రెండో సిలిండర్ ఉందా? ఇవి లేకుండా 37 కిలోల పొడి ఉన్నా బాబు గ్లాసులోకి ఏమీ రాదు. ఈ ప్రశ్న మీ వారిని దెప్పడానికి వాడకండి. ఆయన బుర్ర ఇప్పటికే ఆ దారిలో నడుస్తోంది, ఒక్క వస్తువు దగ్గర ఆగిపోయిందంతే. లెక్కలు చూసే మనిషి కదా, కాగితం మీద ఈ అంకెలు ఆయన చేతే వేయించండి.

నీళ్ళే అక్కర్లేని పాలు కూడా ఉన్నాయి. టెట్రా ప్యాక్‌లో వచ్చేవి బాగా మరిగించి, క్రిములు చొరకుండా నింపినవి. విప్పనంతవరకూ ఫ్రిజ్ అక్కర్లేదు. చాలావాటి మీద ఆరు నెలల దాకా గడువు ఉంటుంది. లీటరు ప్యాక్ విప్పితే ఫ్రిజ్ లేనిచోట ఆ పూటకే వాడేయాలి కాబట్టి 200 మిల్లీలీటర్ల చిన్నవి మేలు. ఖరీదు ఎక్కువే. ఒక పదిహేను కొని జూలైలో పెట్టుకుని, నవంబరులో రోజూ ఒకటి చొప్పున బాబుకి ఇచ్చేస్తే వృథా పోదు. ఇంకో మాట, మీ బాబుకి ఇప్పుడు రెండున్నర దాటింది. నాలుగు రోజులు పాలు లేకపోతే వాడికి ఏమీ కాదు. అటుకులు, బెల్లం, పల్లీ పట్టీలు, బిస్కెట్లు, అరటిపళ్ళు ఉంటే చాలు. పదమూడు నెలలప్పటి ఏడుపు మీ వారి చెవుల్లో ఇంకా ఉంది కానీ, బాబు మాత్రం అక్కడ లేడు, పెరిగాడు.

ఇక పారేయనా అన్న ప్రశ్న. పారేయొచ్చు, చాలావరకు పారేయాల్సిందే కూడా. అయితే ఆయన లేనప్పుడు వద్దంటాను. సాయంత్రం ఇంటికొచ్చి ఖాళీ సజ్జ చూస్తే ఆయనకి గుర్తొచ్చేది పాలపొడి కాదు, ఆ చిరిగిన ప్యాకెట్. మళ్ళీ కొంటారు. ఈసారి మీకు తెలియకుండా షాపులో దాచుకుంటారు. చీటీ డబ్బు సంగతి అప్పుడు ఇంకా కష్టం. ఒకవేళ మీకు ఓపిక నశించి ఆ పనే చేశారనుకోండి, కనీసం ఆ రాత్రే చెప్పేయండి. పక్కింటి ఆవిడ ద్వారానో అత్తయ్యగారి నోటో తెలిస్తే పాలపొడి గొడవ కాస్తా ఇంకేదో గొడవవుతుంది.

పోనీ ఎందుకొచ్చిన గోల, ఉండనిద్దాం అనుకుంటే దానికీ ఖర్చుంది. చీమలు సరే. ఏదో ఒక రోజు పాలు విరిగాయని, ఆ గడువు తీరిన పొడే ఎవరో ఒకరు బాబుకి కలిపి ఇస్తారు. అంతకంటే పెద్ద చిక్కు, నిజంగా వాన పట్టుకున్న రోజు ఆయన ధైర్యంగా సజ్జ మీదికి చెయ్యి చాస్తే అక్కడ దొరికేది వాసనొచ్చే గడ్డలు. ఆయన్ని రెండోసారి అలా కూలబడనివ్వడం మీకూ ఇష్టం ఉండదు.

నాకు సబబుగా తోచేది ఇద్దరూ కలిసి విడదీయడం. ఒక ఆదివారం మధ్యాహ్నం బాబు పడుకున్నాక అన్నీ కిందికి దించండి. గడువు తేదీలు ఆయన చదివితే మీరు రాయండి. తేదీ దాటినవి ఒక పక్కకి పెట్టండి. దాటనివాటిలో తెరిచినది ఉంటే ఒక చెంచా తెల్లకాగితం మీద పోసి చూడండి. లేత మీగడ రంగు దాటి ముదురు పసుపుకో గోధుమ రంగుకో తిరిగిందా? గడ్డ వేళ్ళ మధ్య నలిపితే పొడవుతోందా, రాయిలా ఉందా? తర్వాత గోరువెచ్చని నీళ్ళలో కలిపి, గ్లాసు మీద మూత పెట్టి రెండు నిమిషాలాగి, మూత తీయగానే వాసన చూడండి. పొడిగా ఉన్నప్పుడు దాక్కున్న వాసన నీళ్ళు తగిలితే బయటపడుతుంది. ముందు ఆయన్నే చూడనివ్వండి. మీరు చెడిపోయిందంటే వాదన అవుతుంది, ఆయన ముక్కుకి తగిలితే వాదన ఉండదు. నలిపితే పొడయ్యే గడ్డలు, మంచి వాసన, తేదీలోపల ఉంటే వాడుకోవచ్చు. వాసన తేడా ఉంటే మాత్రం జామూన్లలో కలిపేస్తే తెలియదులే అనుకోకండి, తెలుస్తుంది. పనిమనిషికో గుడిలో అన్నదానానికో ఇవ్వడం కూడా వద్దు. మనం తాగనిది వాళ్ళు మాత్రం ఎందుకు తాగాలి?

బస్తా సంగతి వేరు. కుట్టు విప్పలేదు కాబట్టి దాని విలువ ఇంకా ఉంది. ఆ 25 కిలోల సంచులు అసలు ఇళ్ళ కోసం చేసినవి కావు. మిఠాయి దుకాణాలు, బేకరీలు, ఐస్‌క్రీం చేసేవాళ్ళు వారం పది రోజుల్లో ఖాళీ చేసేస్తారు. డెయిరీలు కూడా అంతే, చలికాలంలో పాలు ఎక్కువొచ్చినప్పుడు పొడి చేసి, ఎండాకాలం కొరతలో తిరిగి పాలలో కలుపుతాయి. మీరు రోజూ కొనే టోన్డ్ పాల ప్యాకెట్ ఉంది చూశారూ, 3 శాతం కొవ్వు, 8.5 శాతం మిగతా ఘనపదార్థం అని రాసి ఉండేది, దాంట్లోనూ ఆ పొడి ఉండొచ్చు. మన దేశంలో 1970లో పాల ఉత్పత్తి పెంచడానికి ఆపరేషన్ ఫ్లడ్ అనే పథకం మొదలైనప్పుడు యూరప్ నుంచి సాయంగా వచ్చిన పాలపొడినీ వెన్ననూనెనూ కలిపి పాలు చేసి బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసుల్లో అమ్మారు. ఆ డబ్బుతోనే ఇక్కడి పాల సంఘాలు నిలదొక్కుకున్నాయి. ఎవరూ దాన్ని సజ్జ మీద పెట్టి కూర్చోలేదు. (ఈ కథ మీ వారికి చెప్పండి. ఇలాంటివి ఆయనకి నచ్చుతాయని ఉత్తరం చదివితే అనిపించింది.)

కాబట్టి బస్తా కొన్న చోటే అడిగి చూడొచ్చు. లేదా తెలిసిన స్వీట్ షాపు వాళ్ళకి ఇవ్వొచ్చు. కొన్న ధర రాదు, ఆరేడు వేలు వచ్చినా చీటీ డబ్బులో సింహభాగం తిరిగొచ్చినట్టే. బస్తా మీద తేదీ మీరు రాయలేదు. గడువు దగ్గరపడితే ఎవరూ తీసుకోరు కాబట్టి ఈ పని ఈ నెలలోనే కానివ్వండి. ఆయన ససేమిరా అమ్మనంటే ఇంకో దారి ఉంది. బస్తా విప్పి నాలుగైదు కిలోలు మీరుంచుకుని, మిగతాది చుట్టాలూ ఇరుగుపొరుగూ కిలో రెండు కిలోల చొప్పున పంచుకోవడం. మీ వాటా రోజూ పెరుగు తోడుపెట్టేటప్పుడు ఒక చెంచా పాలలో కలిపితే గడ్డ పెరుగవుతుంది, జామూన్లకీ వస్తుంది. అయితే విప్పిన బస్తా ముయ్యడం మన తేమలో అయ్యే పని కాదు, అదే రోజు పంచేయాలి.

ఆ రేకు సంచుల ముచ్చట కూడా తీర్చుకోనివ్వచ్చు, చిన్న ఎత్తున. ఆ పొట్లాల్లో ఉండేది ఇనుప పొడి. అది ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది, తడిని ఆపదు. కవరు విప్పి గాలిలో ఉంచితే కాసేపటికే దాని పని అయిపోతుంది. కాబట్టి వాన లేని రోజు, పొయ్యి వెలిగించకుండా, వెన్న తీసిన పొడి మాత్రమే రెండు కిలోలు కట్టి, తేదీ రాసి, పడకగది బీరువా అడుగున పెట్టుకోమనండి. పంచదార కలిపిన పొడితో ఈ ప్రయోగం వద్దు. మన ఎండలకి ఆ కట్టిన రెండు కిలోలనీ రెండేళ్ళ సరుకుగా లెక్కేసుకుంటే సరిపోతుంది, పాతికేళ్ళని కాదు. రెండేళ్ళయ్యాక విప్పి వాడేసి, కొత్తది కట్టుకోవచ్చు. మిగతా నిలవ మాత్రం బియ్యం మూటల్లాగే నడవాలి, పాతది ముందు, కొత్తది వెనక. నెలకొక అరకిలో ప్యాకెట్ విప్పి, ఆ నెలే ఇంకొకటి కొనండి. ఇంట్లో ఎప్పుడూ విప్పనివి రెండు ఉంటాయి. ఆయనకి సంచి నిండుగా కనిపిస్తుంది, మీకు గడువు తీరదు.

మూడో సరుకు, చంటిపిల్లల డబ్బాలు. దీని దగ్గర నేను మెతకగా మాట్లాడను. పుట్టబోయే బిడ్డకి మొదటి ఆరు నెలలు మీ పాలే చాలు. డబ్బాపాలు డాక్టరు అవసరమని చెబితేనే. ఆ డబ్బా మీదే తల్లిపాలే శ్రేష్ఠమని రాసి ఉంటుంది, 1992 నాటి చట్టం అలా రాయమంటుంది, వాటికి ప్రకటనలు కూడా ఇవ్వనివ్వదు. బస్తాలోదీ టీలోదీ ఏడాది లోపు బిడ్డకి పాలుగా పట్టకూడదు, ఎంత అవసరమొచ్చినా సరే. వరదలో అయితే డబ్బాపాలతో ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆ పొడిలో క్రిములు అసలే ఉండవని అనుకోవడానికి లేదు. అందుకే మరిగించి 70 డిగ్రీలకి తగ్గకుండా ఉన్న నీళ్ళతో కలిపి, చల్లార్చి పట్టాలని, రెండు గంటల్లో తాగనిది పారబోయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. గ్యాసూ నీళ్ళూ లేనిచోట, సీసాలు ఉడకబెట్టే వీల్లేనిచోట అదెలా కుదురుతుంది? విపత్తుల్లో పాలడబ్బాలు ఇష్టమొచ్చినట్టు పంచొద్దని కూడా అందుకే అంటారు. మీరు ఎంత హడలిపోయినా, సరిగ్గా తినకపోయినా, బిడ్డ చీకుతూ ఉంటే పాలు వస్తూనే ఉంటాయి. ఈ మాట మీ నోటి నుంచి కాక, వచ్చే చెకప్‌కి ఆయన్ని వెంటబెట్టుకెళ్ళి డాక్టరు నోటి నుంచి వినిపించండి. విప్పని డబ్బాలు బిల్లుంటే వాపసు ఇచ్చేయండి.

మూడో ప్రశ్న, జబ్బా అని. ఉత్తరం చదివి జబ్బు పేరు పెట్టడం నా పని కాదు. కానీ మీరు రాసిన తేదీలే ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. వరద సెప్టెంబరు 1న. మీ డేట్ సెప్టెంబరు మొదటి వారం. నెలకొక ప్యాకెట్ తెచ్చే మనిషి ఈ మధ్యే పాలడబ్బాలకీ, పాతికేళ్ళ సంచులకీ ఎందుకు వెళ్ళాడో నాకైతే వింతగా లేదు. మళ్ళీ అదే వారంలో, అదే కాలనీలో, ఈసారి పసిగుడ్డుతో మిమ్మల్ని ఊహించుకుంటున్నారు. మీరు ఈ సంగతి ఒక్క వాక్యంలో దాటేశారు. ఆయన దాటలేకపోతున్నారు.

ఆ భయం ఎంతవరకు వెళ్ళిందో మీరే గమనించాలి. వాన పడితే రాత్రంతా మేలుకుంటున్నారా? మబ్బు పట్టగానే షాపు నుంచి వచ్చేస్తున్నారా? ఆ నాలుగు రోజుల కలలొచ్చి లేస్తున్నారా? ఆ ప్రస్తావన వస్తే లేచి వెళ్ళిపోతున్నారా? వీటిలో రెండు మూడు ఉండి నెలలు గడుస్తున్నా తగ్గకపోతే మానసిక వైద్యుల్ని కలవడం మంచిది. వెళ్ళడానికి మొహమాటపడితే టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయొచ్చు, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇవేమీ లేకుండా పాలపొడి ఒక్కటే అయితే, ఆయన తనకి చేతనైన పద్ధతిలో ఇల్లు కాచుకుంటున్నారు. ఆ పద్ధతి బాగాలేదు, అంతే.

ఒక మాట అడుగుతాను. ఆ రోజు రెండు ప్యాకెట్లు తెచ్చారు, ఒకటి చిరిగింది. రెండోది ఏమైంది? బాబు తాగాడు కదా? ఆ మాట ఆయనతో ఎవరైనా ఎప్పుడైనా అన్నారా? మీ ఇంట్లో ఆ విషయం ఎత్తకపోవడం ఆయన మీద దయతోనే, నాకు తెలుసు. కానీ అలా ఎత్తకపోవడంతో ఆయన లెక్కలో చిరిగిన ప్యాకెట్ ఒక్కటే మిగిలిపోయింది. సరుకు విడదీసే ఆ ఆదివారానికి ముందే ఈ మాట అయిపోతే మంచిది. పెద్ద సంభాషణ అక్కర్లేదు. "ఆ రోజు మీరు తెచ్చిన పాలు తాగే వాడు పడుకున్నాడు" అంటే చాలు. ఆయన ఏమీ అనకపోయినా పర్వాలేదు.

మీ ఉత్తరంలో అసలు తేలాల్సిన విషయం మాత్రం కాన్పు ఎక్కడన్నది. సెప్టెంబరులో మీరు సింగ్ నగర్‌లో లేరని తేలితే ఆయన భయంలో సగానికి పైగా తగ్గుతుందని నా నమ్మకం. నూజివీడు వెళ్తే మీ అమ్మగారు ఉంటారు, బుడమేరు ముంపు భయం ఉండదు. కానీ ఇన్నాళ్ళూ చూసిన డాక్టరు మారతారు. రిపోర్టులన్నీ పట్టుకుని ముందే ఒకసారి అక్కడి ఆసుపత్రిలో చూపించుకోవాలి, ఏదైనా తేడా వస్తే విజయవాడ రావడానికి బండి మాట్లాడుకుని ఉంచుకోవాలి. బాబు మీతో వస్తాడు. ఆయనా అత్తయ్యగారూ ఇక్కడ ఒంటరిగా ఉంటారు కాబట్టి ఆవిడ షుగర్ మందులు నెల రోజులకి తెచ్చిపెట్టుకోవాలి. అత్తయ్యగారి మాటే నెగ్గి ఇక్కడే ఉంటే, ఆసుపత్రి బుడమేరు ముంపు లేని వైపు చూసుకుని, ఆగస్టు మూడో వారం నుంచి ఆ వైపు ఉన్న చుట్టాలింటికి మారిపోవడం ఒక దారి. మనుషులకి ఇబ్బందే, నెల రోజుల పని. అసలు కదలం, ఇంట్లోనే ఉంటాం అంటే మాత్రం నీళ్ళ క్యాన్లు, సిలిండర్, మందులు, రిపోర్టులున్న ప్లాస్టిక్ సంచి, చార్జ్ చేసిన పవర్ బ్యాంక్, వాన ఎంత పడితే ఇల్లు వదలాలన్న ఒప్పందం ఇవన్నీ ఆగస్టు రాకముందే ఉండాలి. ఆ ఒప్పందం మీ వారితో కాగితం మీద రాయించండి. ఇలాంటిది ఆయన బాగా చేస్తారు.

అత్తయ్యగారితో ఈ మాట మీరు కాక ఆయన ఎత్తితే బాగుంటుంది. "నాకు భయంగా ఉందమ్మా, దాన్ని నూజివీడు పంపుదాం" అని కొడుకు అంటే ఆవిడ కాదనరు. కోడలు అంటే అది పుట్టింటి మీది ఆశలా వినిపిస్తుంది. జూలైలోగా తేల్చుకోండి. నెలలు నిండేకొద్దీ ప్రయాణం కష్టమవుతుంది కాబట్టి ఎప్పటిలోపు వెళ్ళొచ్చో డాక్టర్ని ఈ చెకప్‌లోనే అడిగేయండి.